సెల్ఫ్ కొడితే గర్రుమంటోందా? పాత కార్ల ఫ్లైవీల్ రింగు సంగతి

సెల్ఫ్ కొడతారు. ఒకసారి అందుకుంటుంది. ఇంకోసారి రంపంతో ఇనుము కోసినట్టు గర్రుమంటుంది. మరోసారి మోటారు ఒక్కటే ఉత్తినే తిరుగుతుంది, ఇంజన్ కదలదు. బండిని టాప్ గేర్లో వేసి, దిగి, జానెడు ముందుకు తోసి మళ్ళీ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. అంబాసిడర్ కావచ్చు, ఫియట్ కావచ్చు, విల్లీస్ జీపు కావచ్చు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి బ్రిటిష్ కారు కావచ్చు. 'తోస్తే అందుకుంటుంది' అన్న లక్షణం కనబడితే జబ్బు సాధారణంగా సెల్ఫ్ మోటారులో ఉండదు, ఫ్లైవీల్ (ఇంజన్ క్రాంకు షాఫ్ట్ చివర ఉండే బరువైన చక్రం) చుట్టూ ఉండే పళ్ళ రింగులో ఉంటుంది. చాలామంది ముందు సెల్ఫ్ మోటారు విప్పి కార్బన్లు మార్పిస్తారు, తర్వాత బ్యాటరీ కొంటారు, చివరికి రింగు దగ్గరికి వస్తారు. ఈలోగా పాడైన రింగు కొత్త బెండిక్స్‌ను (సెల్ఫ్ మోటారు కాడ మీద ఉండి రింగు పళ్ళను పట్టుకునే భాగం) కూడా తినేస్తుంది.

ఇంజన్ ఆగేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు. ఇగ్నిషన్ కట్టేశాక ఫ్లైవీల్ ఊపు మీద కాసేపు తిరుగుతుంది. ఆ ఊపు తగ్గి, తర్వాతి సిలిండర్‌లోని కంప్రెషన్‌ను దాటలేని చోట నిలిచిపోతుంది. ఒక్కోసారి కొద్దిగా వెనక్కి ఊగి మరీ ఆగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి అర చుట్టుకు ఒక కంప్రెషన్ వస్తుంది కాబట్టి ఆగే చోట్లు రెండే, అవి కూడా ఎదురెదురుగా ఉంటాయి. ఆరు సిలిండర్లైతే మూడు చోట్లు. రింగుకు 120 పళ్ళు ఉన్నాయనుకుంటే, 60 పళ్ళ దూరంలో ఉన్న రెండు చిన్న గుంపులే ఏళ్ళ తరబడి ప్రతి దెబ్బా కాస్తాయి. మిగతావి కొత్త వాటిలాగే ఉంటాయి. బండిని కొంచెం తోస్తే పనిచేయడానికి కారణం ఇదే. ఇంజన్ కొద్దిగా తిరిగి బెండిక్స్ ముందుకు మంచి పళ్ళు వస్తాయి.

పాత సెల్ఫ్ మోటార్లలో పినియన్‌ను, అంటే బెండిక్స్‌లోని చిన్న పళ్ళచక్రాన్ని, ముందుకు నెట్టే సోలినాయిడ్ (కరెంటు అయస్కాంతం) ఉండదు. మెలికల కాడ మీద పినియన్ వదులుగా ఉంటుంది. మోటారు ఒక్క ఉదుటున తిరగగానే పినియన్ తన బరువు వల్ల వెనకబడి, ఆ మెలికల వెంట పాకుతూ వెళ్ళి, అప్పటికే తిరుగుతున్న వేగంతో రింగు పళ్ళ అంచును కొడుతుంది. ఇంజన్ అందుకున్నాక రింగు వేగం పెరిగి పినియన్‌ను వెనక్కి విసిరేస్తుంది. అంటే ప్రతి స్టార్టుకూ పళ్ళ అంచు మీద ఒక సుత్తి దెబ్బ పడుతుందన్నమాట. తర్వాత వచ్చిన బండ్లలో సోలినాయిడ్ ముందు పినియన్‌ను పళ్ళలోకి తోసి, ఆ తర్వాతే మోటారుకు పూర్తి కరెంటు ఇస్తుంది. అందుకే వాటి రింగులు ఎక్కువ కాలం నిలబడతాయి.

గేర్‌బాక్స్ దించకముందే

గేర్‌బాక్స్ దించడం ఒక పూట పని. ఆ పని మొదలుపెట్టే ముందు అరగంట వెచ్చించి రింగును కళ్ళారా చూడండి. బ్యాటరీ వైరు తీసేయండి. సెల్ఫ్ మోటారు బోల్టులు విప్పి మోటారును బయటికి లాగండి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే ఇంజన్ హ్యాండిల్‌తో తేలిగ్గా తిరుగుతుంది. సెల్ఫ్ కూర్చునే రంధ్రం దగ్గర ఒకరు టార్చ్ లైటు పట్టుకోవాలి, మరొకరు హ్యాండిల్ తిప్పాలి. ఒక పంటి మీద సుద్దముక్కతో గీత పెట్టి, అక్కడి నుంచి ఒక్కో పన్నూ లెక్కపెడుతూ, పాడైనవి ఎన్నో పళ్ళో కాగితం మీద రాసుకోండి. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టండి. రింగు కొనేటప్పుడు ఒక్క పన్ను తేడా వచ్చినా ఆ రింగు పనికిరాదు.

విల్లీస్ జీపులవాళ్ళు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒకే కుటుంబం ఇంజన్లకు 97, 124, 129 పళ్ళ రింగులు వచ్చాయి. 97 పళ్ళ రింగులో పన్ను లావుగా ఉంటుంది, మిగతా వాటిలో సన్నంగా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆ జీపుకు ఎవరో ఇంకో మోడల్ సెల్ఫ్ బిగించి ఉంటే, ఎన్ని రింగులు మార్చినా అరుగుతూనే ఉంటాయి. కాబట్టి రింగు పళ్ళతో పాటు పినియన్ పళ్ళు కూడా లెక్కపెట్టి, రెండూ ఒక జతవేనని తేల్చుకోండి.

పళ్ళు ఎలా పాడయ్యాయన్నది ఎన్ని పాడయ్యాయన్నదాని కంటే ముఖ్యం. ఎదురెదురు రెండు చోట్ల, పినియన్ వచ్చే వైపు అంచు మాత్రమే పెన్సిల్ మొనలా గుండ్రబడితే అది వయసు అరుగుదల, దానికి కంగారు లేదు. చుట్టూ అన్ని పళ్ళ అంచులూ మరపట్టినట్టు సమంగా అరిగి ఉంటే, ఇంజన్ తిరుగుతుండగా పినియన్ రింగుకు తగులుతోందని అర్థం. పినియన్‌ను వెనక్కి పట్టి ఉంచే చిన్న స్ప్రింగు చచ్చిపోతే ఇలా జరుగుతుంది. అలాంటప్పుడు ఇంజన్ నడుస్తుండగా సన్నగా టిక్‌టిక్‌మన్న చప్పుడు కూడా వస్తుంది. ఒకటి రెండు పళ్ళు మొదలంటా విరిగి, పక్కవి బాగానే ఉంటే ఇగ్నిషన్ టైమింగ్‌ను అనుమానించండి. స్పార్క్ మరీ ముందుగా పడితే సెల్ఫ్ తిప్పుతుండగానే ఇంజన్ వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను మొత్తం ఒక్క పంటి మీద పడుతుంది. పంటి వెడల్పులో ఒక పక్కే ఏటవాలుగా అరిగితే సెల్ఫ్ మోటారు వంకరగా కూర్చుందని, లేదా దాని ముందు బుష్ అరిగి షాఫ్ట్ వాలిందని అనుకోవాలి.

ఇంకో రకం ఉంది, అరుదైనదే కానీ తెలిసి ఉండాలి. పళ్ళన్నీ బాగుంటాయి, సెల్ఫ్ కూడా అందుకుంటుంది, కానీ ఇంజన్ తిరగదు. రింగు ఫ్లైవీల్ మీద జారుతోందన్నమాట. రింగు అంచునూ ఫ్లైవీల్‌నూ కలుపుతూ ఒక గీత గీసి, సెల్ఫ్ కొట్టి చూడండి. గీత రెండుగా విడిపోతే అదే జబ్బు.

మరి రింగు బాగానే ఉండి, ఏ స్థితిలో కొట్టినా మోటారు ఉత్తినే తిరుగుతుంటే బెండిక్స్ మురికిపట్టి అతుక్కుపోయి ఉంటుంది. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి బిగించండి. దానికి గ్రీజు రాయకండి. క్లచ్ ప్లేటు నుంచి రాలే పొడి ఆ గ్రీజుకు పట్టి బంకలా మారుతుంది, పినియన్ మళ్ళీ కదలదు. పినియన్ పళ్ళలో ఇరుక్కుపోయి సెల్ఫ్ 'టక్' అని ఊరుకుంటే, లూకాస్ మోటార్లలో వెనక చిన్న మూత కింద షాఫ్ట్ కొస చతురస్రంగా ఉంటుంది. స్పానర్‌తో దాన్ని తిప్పితే పినియన్ విడుతుంది.

కొత్తదా, తిరగేసినదా, వెల్డింగా?

వెల్డింగ్ సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఎక్కడికెళ్ళినా మొదట వినిపించే సలహా అదే. అరిగిన పళ్ళ మీద వెల్డింగ్ పోసి, గ్రైండర్‌తో పన్ను ఆకారం తెచ్చి ఇస్తారు. ఆ పన్ను కొన్నాళ్ళు పనిచేస్తుంది కూడా. కానీ రింగు ఉక్కులో కార్బన్ ఎక్కువ. వెల్డింగ్ పక్కనే ఉన్న భాగం వేగంగా చల్లారి గాజులా పెళుసవుతుంది, దానికి కాస్త అవతల భాగం మెత్తబడుతుంది. ఆ పెళుసు ముక్క విరిగి గేర్‌బాక్స్ బెల్ హౌసింగులో పడితే క్లచ్ కూడా పోతుంది. చేత్తో గ్రైండ్ చేసిన పంటికి సరైన వంపు రాదు కాబట్టి పినియన్‌ను అరగదీస్తుంది. పైగా ఒకే పక్క పోగైన బరువు. 15 సెంటీమీటర్ల వ్యాసార్థంలో పది గ్రాములు ఎక్కువైనా ఇంజన్ అదురు తెలుస్తుంది. ఎక్కడో ఊరు కాని ఊళ్ళో బండి ఆగిపోయి, ఇంటికి చేరడానికి చేయించుకుంటే ఒప్పుకోవచ్చు. బాగు చేసిన బండికి మాత్రం అది వద్దు.

రింగును తిరగేసి వేయడం పాత మేస్త్రీల పద్ధతి. దొరకని బండ్లకు ఇప్పటికీ మంచి పద్ధతే. తిరగేస్తే రెండు లాభాలు ఒకేసారి వస్తాయి. పినియన్ కొట్టే వైపుకు అరగని అంచు వస్తుంది, పినియన్ నెట్టే పంటి ముఖం కూడా మారిపోతుంది. అయితే షరతులున్నాయి. రింగు లోపలి వైపు మెట్టు లేకుండా రెండు పక్కలా ఒకేలా ఉండాలి. పినియన్ సులువుగా దూరడానికి పళ్ళ అంచు ఒక వైపే వాలుగా కొట్టి ఉంటుంది. తిరగేశాక కొత్త వైపు ఆ వాలు ఉండదు కాబట్టి, బిగించే ముందే ప్రతి పంటికీ చిన్న గ్రైండింగ్ రాయితో పాత వాలును చూసి అదే కోణంలో కొట్టుకోవాలి. నూరు పైచిలుకు పళ్ళు, ఓపిక పని. తిరగేసినప్పుడే పాత అరుగుదల చోట్లను ఇంజన్ ఆగే చోట్ల నుంచి తప్పించండి. నాలుగు సిలిండర్లకు పావు చుట్టు, ఆరు సిలిండర్లకు 60 డిగ్రీలు పక్కకు జరిపితే చాలు.

కొందరు రింగును ముట్టుకోకుండా ఫ్లైవీల్‌నే క్రాంకు మీద వేరే బోల్టు రంధ్రాలకు జరిపి బిగిస్తారు. అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ సంతతి. ఈ ఇంజన్లలో ఫ్లైవీల్ అంచున 1/4 అన్న గుర్తు ఉంటుంది. ఒకటి, నాలుగు పిస్టన్లు పైకి వచ్చిన స్థితికి అది గుర్తు. ఫ్లైవీల్ జరిపితే ఆ గుర్తు అబద్ధం చెబుతుంది, తర్వాత టైమింగ్ పెట్టే మేస్త్రీ మోసపోతాడు. క్రాంకునూ ఫ్లైవీల్‌నూ కలిపి బ్యాలెన్స్ చేసి ఉంటే అదీ చెడుతుంది. ఈ దగ్గరదారి నాకు నచ్చదు.

కొత్త రింగు దొరికితే అంతకన్నా కావలసింది లేదు. అంబాసిడర్, ఫియట్, జీపు రింగులు పాత స్పేర్ పార్టుల షాపుల్లో వెతికితే దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లారీలకూ ట్రాక్టర్లకూ రింగులు మార్చడం నిత్యం జరిగే పని కాబట్టి చేసే చేతులకూ కొదవ లేదు. కొనేటప్పుడు పెట్టె మీది పేరును నమ్మకండి. పళ్ళ సంఖ్య, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, వాలు ఏ వైపుందన్నది, ఈ అయిదూ పాత దానితో సరిపోల్చండి. ఒక మంచి ఆకురాయితో పంటి అంచు మీద గీసి చూడండి. ఆకురాయి జారిపోతే పన్ను గట్టిపరిచినదే. మామూలు ఇనుములా కొరికితే ఆ రింగు వదిలేయండి.

ఎక్కడా దొరకని బండికి కొత్త రింగు కోయించుకోవాలి. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసేది పన్ను ఎత్తు దగ్గర. పాత బ్రిటిష్, అమెరికన్ బండ్ల రింగులు డయామెట్రల్ పిచ్ (వ్యాసంలో ఒక్కో అంగుళానికి ఎన్ని పళ్ళు) లెక్కలో ఉంటాయి. చాలా వాటిలో పన్ను పొట్టిగా ఉంటుంది, దాన్ని 8/10 లాగా రెండు అంకెలతో రాస్తారు. మొదటి అంకె పళ్ళ ఎడాన్ని, రెండోది ఎత్తును చెబుతుంది. 112 పళ్ళ రింగును తీసుకుందాం. 112ను 8తో భాగిస్తే పిచ్ వ్యాసం 14 అంగుళాలు. మామూలు ఎత్తు పన్నయితే బయటి వ్యాసం 14.25 అంగుళాలు రావాలి. 8/10 పొట్టి పన్నయితే 14.20 అంగుళాలే వస్తుంది. తేడా 0.05 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు. అరగని పళ్ళ మీద వెర్నియర్ పెట్టి కొలిస్తే ఏదో తేలిపోతుంది. ఈ తేడా గమనించకుండా నిండు ఎత్తు పన్ను కోయిస్తే పినియన్ మొదలుకు పన్ను కొస తగిలి బిగుసుకుపోతుంది.

కోయించే రింగుకు ఈఎన్8 ఉక్కు సరిపోతుంది. ముందు లేత్ మీద వలయాన్ని తిప్పి, లోపలి వ్యాసంలో కొంత మెటల్ వదిలేయాలి. హాబింగ్ మీద పళ్ళు కోసి, అంచులకు వాలు కొట్టి, పళ్ళను మాత్రం ఇండక్షన్ మీద 45 నుంచి 50 రాక్‌వెల్ సి (గట్టిదనం కొలమానం) వరకు గట్టిపరచాలి. లోపలి వ్యాసాన్ని ఆఖరున తిప్పాలి. గట్టిపరిచినప్పుడు వలయం కొంచెం వంకర పోతుంది కాబట్టి, ముందే కొలతకు తిప్పేస్తే అది కోడిగుడ్డు ఆకారంలో మిగులుతుంది.

కొన్ని తొలినాళ్ళ కార్లలో విడిగా రింగే ఉండదు, పళ్ళు ఫ్లైవీల్ ఇనుములోనే కోసి ఉంటాయి. వాటిని లేత్ మీద తిప్పేసి, ఆ చోట రింగు కూర్చునే సీటు చేయాలి. సీటుకు ఒక పక్క మెట్టు వదలండి. పినియన్ వచ్చి కొట్టినప్పుడు రింగు ఆ మెట్టుకే ఆనేలా ఉండాలి, మెట్టు నుంచి దూరంగా జరిగేలా ఉండకూడదు. తిప్పే ముందు పోత ఇనుములో పగుళ్ళు ఉన్నాయేమో డై పెనెట్రెంట్‌తో (పగుళ్ళలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) చూసుకోవడం తప్పనిసరి.

పాత రింగు తీయడం

గేర్‌బాక్స్ దించి, క్లచ్ కవరు బోల్టులను ఒక్కో దాన్నీ ఒక్కో చుట్టు చొప్పున వంతులవారీగా వదులు చేసి విప్పండి. క్లచ్ కవరుకూ ఫ్లైవీల్‌కూ, ఫ్లైవీల్‌కూ క్రాంకు అంచుకూ పంచ్‌తో చుక్కలు కొట్టుకోండి. ఫ్లైవీల్ బరువైనది. అన్ని బోల్టులూ ఒకేసారి తీసేయకుండా, ఎదురెదురు రెండింటిని నాలుగైదు మరల మీద ఉంచి కదిపి వదులు చేస్తే కాళ్ళ మీద పడదు. ఇక రింగును తీసే ముందే వాలు ఎటు వైపుందో, పినియన్ ఎటు నుంచి వస్తుందో ఫోటో తీసుకోండి. లూకాస్ మోటార్లలోనే పినియన్ బయటికి వెళ్ళే రకమూ, మోటారు వైపుకు లోపలికి వచ్చే రకమూ రెండూ ఉన్నాయి. పక్కవాడి బండిలో ఎలా ఉందో చూసి బిగిస్తే తిరగబడుతుంది.

పాత రింగును పారేసేదైతే దాన్ని చీల్చడమే సురక్షితం. రెండు పళ్ళ మధ్య లోతు దగ్గర, ఫ్లైవీల్ ఇరుసుకు సమాంతరంగా రంధ్రం వేయాలి. పంటి మొదలు నుంచి రింగు లోపలి అంచు దాకా 8 మిల్లీమీటర్ల మెటల్ ఉంటే 6 మిల్లీమీటర్ల డ్రిల్ చాలు. డ్రిల్ ఫ్లైవీల్‌లోకి దిగకూడదు, పక్కకూ పోకూడదు. తర్వాత ఫ్లైవీల్‌ను మెత్తని దవడల వైసులో బిగించి, రంధ్రానికి సరిగ్గా పైన ఛీజిల్ పెట్టి ఒక గట్టి దెబ్బ కొట్టండి. ఠప్పున చీలుతుంది. అంత బిగువులో ఉన్న ఉక్కు కాబట్టి ముక్క ఎగిరే ప్రమాదం ఉంది. దాని మీద మందపాటి గోనెపట్టా కప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని మాత్రమే కొట్టండి.

తిరగేసి వాడుకునేదైతే చీల్చకూడదు. ఫ్లైవీల్‌ను చెక్కల మీద రింగు కిందికి వచ్చేలా ఆనించి, గ్యాస్ మంటను రింగు చుట్టూ ఆపకుండా తిప్పుతూ, ఇత్తడి కడ్డీతో నాలుగు వైపులా కొద్దికొద్దిగా తట్టాలి. రింగు ఫ్లైవీల్ కంటే ముందు వేడెక్కాలి, అదే కిటుకు. మంట చిన్నదై ఆలస్యమైతే ఫ్లైవీల్ కూడా వేడెక్కి వ్యాకోచిస్తుంది, అప్పుడు ఎంత కాల్చినా రింగు వదలదు. పూర్తిగా చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి.

కొలతలూ వేడీ

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూసినవాళ్ళకు ఈ పని వేరే వివరించక్కర్లేదు. పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నదిగా చేసి, పిడకల మంటలో కాల్చి, పటకార్లతో ఎత్తి చక్రం మీద దించితే చల్లారాక ప్రాణం పోయినా వదలదు. రింగు గేరుదీ అదే సూత్రం. తేడా ఒక్కటే, అదే ప్రాణం. అక్కడ చెక్క కాలిపోకుండా వెంటనే నీళ్ళు కుమ్మరిస్తారు. ఇక్కడ చుక్క నీరు తగలకూడదు. నీళ్ళు పోస్తే రింగు పెళుసై పగలవచ్చు, ఫ్లైవీల్ పోత ఇనుము కూడా చీలవచ్చు.

ముందు కొలతలు. ఫ్లైవీల్ సీటును మైక్రోమీటర్‌తో నాలుగు చోట్ల కొలవండి. రింగు లోపలి వ్యాసాన్ని ఒకదానికొకటి అడ్డంగా రెండు సార్లు కొలిచి సగటు తీయండి, ఎందుకంటే విడి రింగు ఎప్పుడూ కొంచెం గుడ్డు ఆకారంలోనే ఉంటుంది. సుమారు 300 మిల్లీమీటర్ల సీటుకు రింగు 0.3 నుంచి 0.45 మిల్లీమీటర్ల దాకా చిన్నదిగా ఉండాలి. అంతకన్నా తక్కువైతే జారుతుంది. చాలా ఎక్కువైతే ఎక్కదు, ఎక్కినా రింగు మీద లాగుడు ఎక్కువై ఎప్పుడో పగులుతుంది. జారిన రింగు తీసిన ఫ్లైవీల్‌లో సీటు అరిగి ఉంటుంది. దాన్ని లేత్ మీద గుండ్రం చేసి, ఆ కొత్త కొలతకు తగ్గట్టు లోపలి వ్యాసం ఉన్న రింగు చేయించాలి. అరిగిన సీటు మీద రింగు పెట్టి నాలుగు చోట్ల వెల్డింగ్ చుక్కలు వేయడం దానికి మందు కాదు.

ఎంత వేడి కావాలో లెక్క కట్టుకోవచ్చు. ఉక్కు ఒక్కో డిగ్రీకి మిల్లీమీటరుకు 0.000012 చొప్పున పెరుగుతుంది. 300 మిల్లీమీటర్ల రింగును 30 డిగ్రీల నుంచి 230కి తెస్తే 0.72 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బిగువు, అంటే సీటు కంటే రింగు చిన్నదిగా ఉన్న మేర, 0.35 అయితే ఇంకా 0.37 వదులు మిగులుతుంది. అది చాలు. బీఎంసీ వర్క్‌షాప్ మాన్యువల్ ఈ పనికి 300 నుంచి 400 డిగ్రీలు, లేత నీలం రంగు వచ్చేదాకా అని చెబుతుంది, అది దాటితే పళ్ళ గట్టిదనం పోతుందని హెచ్చరిస్తుంది. ల్యాండ్‌రోవర్ వాళ్ళు 225 నుంచి 250 డిగ్రీలతో ఆపమంటారు. మీ ఇంజన్ మాన్యువల్ మాటే ముందు. కానీ మాన్యువల్ లేని బండికి, ఇంట్లో చేసే పనికి 250 డిగ్రీల దగ్గర ఆగడమే నా లెక్క ప్రకారం మంచిది. కొలత సరిగ్గా ఉంటే అంతకన్నా వేడి అవసరం రాదు. అవసరం వచ్చిందంటే కొలతలో ఎక్కడో తప్పుంది.

వేడి చేయడానికి అన్నిటికన్నా మంచిది 250 దాకా వెళ్ళే ఓవెన్. దాని ముల్లును నమ్మకుండా లోపల విడిగా థర్మామీటర్ పెట్టండి. ముక్కాలు గంట నుంచి గంట ఉంచితే రింగంతా ఒకే వేడికి వస్తుంది. బేరింగులు అమ్మే పెద్ద షాపుల్లో ఇండక్షన్ హీటరు ఉంటే అదీ భేషైనది. గ్యాస్ మంట తప్పదంటే రింగును నాలుగు ఇటుకల మీద పెట్టి, మంటను లోపలి అంచు వెంటే, ఒక్క క్షణం ఎక్కడా ఆపకుండా తిప్పండి. పళ్ళ మీద మంట పడకూడదు. ముందే నాలుగు చోట్ల ఎమెరీ కాగితంతో రుద్ది తళతళలాడేలా చేసి ఉంచుకుంటే రంగు తెలుస్తుంది. దాదాపు 220 దగ్గర గడ్డి రంగు, 255 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300కి నీలం. నాలుగు చోట్లా రంగు ఒకేలా రావాలి. ఒక చోట నీలం, ఇంకో చోట గడ్డి రంగు అంటే రింగు గుండ్రంగా పెరగలేదు, దించినా మధ్యలో ఇరుక్కుంటుంది. రేడియో రిపేరుకు వాడే 60/40 సోల్డరు తీగ రింగు పక్క భాగానికి ఆనిస్తే సుమారు 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది కరిగిందంటే ఇక కొద్ది దూరమే ఉందని గుర్తు.

ఆ ఇరవై సెకన్లు

రింగు చల్లని ఫ్లైవీల్‌ను తాకిన క్షణం నుంచి బిగుసుకోవడం మొదలవుతుంది. పది ఇరవై సెకన్లకు మించి సమయం ఉండదు. అందుకే చల్లని రింగుతో ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకోండి. ఎవరు ఎటు పట్టుకుంటారు, ఎటు నుంచి దించుతారు, వాలు ఏ వైపుండాలి అన్నీ అప్పుడే తేల్చుకోవాలి. సీటు మీది గరుకులను సానరాయితో తీసి, థిన్నరుతో తుడిచి, ఫ్లైవీల్‌ను కదలకుండా చదునుగా పెట్టుకోండి. వాలు ఉండాల్సిన వైపు సుద్దతో పెద్దగా రాయండి. పెట్టిన మరుక్షణం చూసి నాలుక కరుచుకునే తప్పు ఇదొక్కటే, దాన్ని సరిచేయాలంటే మళ్ళీ మొదటి నుంచి రావాలి. తోలు చేతితొడుగులు వాడండి. నైలాన్‌వి చర్మానికి అంటుకుంటాయి.

ఇద్దరు ఎదురెదురుగా పటకార్లతో ఎత్తి, సమంగా ఒకేసారి దించాలి. సరిగ్గా వేడెక్కితే తన బరువుకే కూర్చుంటుంది. ఎక్కడైనా ఆగితే ఇత్తడి కడ్డీతో చుట్టూ తేలిగ్గా తట్టండి. మెట్టుకు ఆనాక మూడు నాలుగు సి-క్లాంపులు బిగించి, గాలికి వదిలేయండి. చల్లారేటప్పుడు రింగు ఒక పక్క లేచే గుణం ఉంది. సగం దిగి ఆగిపోతే సుత్తితో బాదవద్దు. బాదితే రింగు వంకరవుతుంది, సీటు గీతలు పడుతుంది. వెంటనే పైకి లాగి, చల్లబరిచి, ఎందుకు ఆగిందో వెతికి మళ్ళీ వేడి చేయండి. ఫ్లైవీల్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం గురించి అడుగుతారు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 వల్ల వచ్చే లాభం 0.15 మిల్లీమీటర్లే, పైగా బయటికి తీయగానే దాని నిండా చెమ్మ పడుతుంది. దానికి బదులు రింగును సమంగా వేడి చేయండి.

పూర్తిగా చల్లారాక రింగుకూ మెట్టుకూ మధ్య 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ ఎక్కడా దూరకూడదు. క్రాంకు మీద బిగించాక డయల్ గేజ్ పెట్టి తిప్పితే రింగు పక్క ఊగిసలాట పావు మిల్లీమీటరు లోపు ఉండాలని నేను పెట్టుకున్న హద్దు. ఫ్లైవీల్ చేతికి వచ్చింది కాబట్టి ఎలాగూ క్లచ్ ముఖాన్ని చూసి, నల్లటి మచ్చలుంటే తిప్పించండి. మధ్యలోని స్పిగాట్ బుష్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొస కూర్చునే బుష్) మార్చండి, కొత్త దాన్ని ఒక రాత్రంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి కొట్టండి.

మళ్ళీ అరగకుండా

కొత్త రింగుకు పాత పినియన్ పెడితే, గుండ్రబడ్డ పినియన్ అంచులు కొత్త పళ్ళను కొన్ని నెలల్లోనే తమలాగా చేసేస్తాయి. రెండూ కలిపే మార్చాలి. సెల్ఫ్ బుష్‌లు కూడా మార్చండి. పినియన్ విశ్రాంతిలో ఉన్నప్పుడు దానికీ రింగు అంచుకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. సెల్ఫ్ బిగించే ముఖం దగ్గర ఎవరో వేసిన వాషరు ఈ ఖాళీని చెడగొడుతుంది.

తర్వాత కరెంటు. 12 వోల్టుల బండిలో సెల్ఫ్ తిప్పుతుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ 9.6 కంటే తగ్గకూడదు. బ్యాటరీ ఎర్తుకూ ఇంజన్ దిమ్మెకూ మధ్య మీటరు పెడితే 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపకూడదు. ఎక్కువ చూపిస్తే ఎర్తు పట్టీ తుప్పుపట్టిందన్నమాట. కరెంటు చాలకపోతే పినియన్ నీరసంగా వెళ్ళి పంటి అంచు మీదే ఆగుతుంది, పూర్తిగా లోపలికి దూరదు. 6 వోల్టుల బండికి అదే శక్తి కోసం రెట్టింపు ఆంపియర్లు కావాలి కాబట్టి కేబుల్ మరింత లావుగా ఉండాలి. దానికి విరుగుడని 6 వోల్టుల సెల్ఫ్‌కు 12 వోల్టుల బ్యాటరీ తగిలించేవాళ్ళున్నారు. ఇంజన్ వెంటనే అందుకుంటుంది, నిజమే. కానీ పినియన్ చాలా ఉధృతంగా వచ్చి పళ్ళను కొడుతుంది. పన్ను విరిగిన ఎన్నో పాత రింగుల వెనక ఉన్నది ఇదే.

నడిపేవాళ్ళ చేతిలో ఉన్న సంగతి ఒకటుంది. ఇంజన్ ఒక్క దగ్గు దగ్గి ఆగిపోగానే ఆత్రంగా మళ్ళీ సెల్ఫ్ నొక్కుతాం. ఆ క్షణంలో ఫ్లైవీల్ ఇంకా ఊగుతూ ఉంటుంది, వెనక్కి తిరుగుతూ ఉన్నా ఆశ్చర్యం లేదు. అప్పుడే పినియన్ వచ్చి కొడుతుంది. అయిదు సెకన్లు ఆగి కొట్టండి. చోక్ సరిగ్గా లేక, పాయింట్లు నల్లబడి నాలుగైదుసార్లు కొడితే గాని స్టార్ట్ కాని బండిలో రింగు నాలుగైదు రెట్లు పనిచేస్తుంది. కొత్త రింగుతో పాటే ఆ పనులూ చేయించండి.

బిగించిన నెల రోజులకు సెల్ఫ్ ఒకసారి విప్పి, టార్చ్ వేసి, ఇంజన్ ఆగే రెండు చోట్లా పళ్ళను చూడండి. అంచు మీద వాలు మేర సన్నటి మెరుపు గీత ఉంటే పినియన్ సరిగ్గా దూరుతోంది. మెరుపు పంటి ఎత్తులో సగం లోపే ఉంటే సెల్ఫ్ దూరంగా కూర్చుంది. పంటి కొసనో మొదలునో నలుగుడు కనబడితే పినియన్ మరీ లోతుగా దిగుతోంది. ఇప్పుడైతే సెల్ఫ్ బుష్, బిగింపు ముఖం సరిచేస్తే సరిపోతుంది. గేర్‌బాక్స్ మళ్ళీ దించనక్కర్లేదు.